పిల్లల మోకాళ్ల వంకర: చిన్న ప్లేటా, ఎముక కోతా, రింగులా?

పిల్లల కాళ్ల వంకర విషయంలో మన వరంగల్ వైపు రెండు రకాల తల్లిదండ్రులు ఎక్కువగా కనిపిస్తారు. మూడేళ్ల పిల్లగాణ్ని ఎత్తుకొచ్చి "ఆపరేషన్ ఎప్పుడు చేయించాలె సార్" అని అడిగేవాళ్లు ఒక రకం. పదహారేళ్ల ఆడపిల్లను తీసుకొచ్చి "చిన్న ప్లేటు వేస్తే సరిపోతదంట కదా, అదే చేయించండి" అనేవాళ్లు ఇంకో రకం. మొదటివాళ్లకు చాలాసార్లు ఏ ఆపరేషనూ అక్కర్లేదు, రెండోవాళ్లకు ఆ చిన్న ఆపరేషన్ వేళ దాటిపోయింది. నేను హన్మకొండలో ఫిజియోథెరపీ చేస్తాను. కత్తి పట్టే పని నాది కాదు, ఆపరేషన్‌కు ముందు నడక చూడటం, తర్వాత మోకాలు వంచడం నేర్పించడం నా పని. అందుకే ఏ ఆపరేషన్ అయ్యాక ఇంట్లో ఏం జరుగుతుందో దగ్గర నుంచి చూస్తుంటాను, ఈ పోలిక కూడా ఎక్కువగా ఆ వైపు నుంచే రాస్తున్నాను.

ముందు, ఆపరేషన్ అసలు కావాలా

పుట్టినప్పుడు అందరి కాళ్లూ కొంచెం దొడ్డిగానే ఉంటాయి. నడక మొదలైన కొత్తలో ఆ వంపు బాగా కనిపిస్తుంది, రెండేళ్లకు తిన్నగా అవుతుంది, అక్కడితో ఆగకుండా రెండో వైపుకు పోయి మూడు నాలుగేళ్ల వయసులో మోకాళ్లు ఒకదానికొకటి రాసుకుంటాయి, ఏడేళ్లు వచ్చేసరికి దాదాపు పెద్దవాళ్ల కాళ్ల తీరుకు వచ్చేస్తాయి. ఫిన్లాండ్‌లో సలేనియస్, వాంక్కా అనే ఇద్దరు డాక్టర్లు వెయ్యికి పైగా పిల్లల కొలతలు తీసి 1975లో ఈ క్రమాన్ని ప్రచురించారు, ఇప్పటికీ పిల్లల ఎముకల డాక్టర్లు ఆ గ్రాఫునే తలుచుకుంటారు. కాబట్టి మూడున్నరేళ్ల పిల్లకు మోకాళ్లు తగులుతున్నాయంటే ఆ వయసులో తగలాలి కాబట్టి తగులుతున్నాయి. ప్రత్యేకం బూట్లు, బూట్ల కింద వేసే వాలు ముక్కలు, రాత్రిపూట కట్టే పట్టీలు ఈ మామూలు వంపును తొందరగా తగ్గించవు. నూనె మర్దన కూడా అంతే. చేయించుకుంటే పిల్లాడికి హాయిగా ఉంటుంది, చేయండి, కానీ ఏడేళ్లకు కాళ్లు తిన్నగా అయ్యాయని ఆ పేరు మర్దన చేసిన అమ్మమ్మకు ఇవ్వాల్సిన పనిలేదు (ఇస్తే పోయేదీ లేదనుకోండి).

అనుమానించాల్సిన కాళ్లు వేరే ఉంటాయి. ఒక కాలే వంగి ఉండటం, రెండేళ్లు దాటినా దొడ్డికాలు తగ్గకుండా పెరుగుతూ పోవడం, ఏడెనిమిదేళ్లు దాటాక కూడా మోకాళ్లు రాసుకుని చీలమండల మధ్య దూరం ఏటేటా పెరగడం, తోటి పిల్లల కంటే మరీ పొట్టిగా ఉండటం, మణికట్లు లావెక్కడం, నడిస్తే నొప్పి, పరుగెత్తితే పడిపోవడం. పదేళ్ల పిల్లను మోకాళ్లు ఒకదానికొకటి తగిలీ తగలనట్టు, మోకాటి చిప్పలు ఎదురుగా చూసేట్టు నిలబెట్టి చీలమండల మధ్య టేపు పెట్టండి. ఎనిమిది సెంటీమీటర్లు దాటితే డాక్టరుకు చూపించాలి. లావుగా ఉన్న పిల్లలకు తొడలు ఒరుసుకుని ఉన్న వంకర కంటే ఎక్కువ కనిపిస్తుంది, అది టేపు తప్పు కాదు, అందుకే చివరి మాట ఎక్స్‌రేది.

ఇంకొకటి. చిన్న పిల్లలకు మోకాలి కింద పెద్ద ఎముక పైభాగంలో చిన్న ఫ్రాక్చర్ అయి అతుక్కున్న కొన్ని నెలలకు ఆ కాలు మోకాళ్లు రాసుకునే తీరుకు, అంటే మోకాలి కింది భాగం బయటికి పోయేట్టు, వంగడం కద్దు. కట్టు సరిగ్గా కట్టలేదని డాక్టరును తిట్టుకుంటారు గానీ, కట్టు బాగా కట్టినా ఇలా జరుగుతుంది, చాలామందికి రెండు మూడేళ్లలో దానంతట అదే సర్దుకుంటుంది. దానికి కంగారుపడి ఎముక కోయించకండి.

వంకరకు కారణం తెలియకుండా ఆపరేషన్ వద్దు

ఇక్కడ కొంచెం గట్టిగానే చెప్తాను. మన దగ్గర వంకర కాళ్లకు రికెట్స్ ఇప్పటికీ పెద్ద కారణమే. డి విటమిన్, కాల్షియం చాలక ఎముక చివర ఉండే గ్రోత్ ప్లేట్, అంటే ఎముక పొడవు పెరిగే మెత్తటి పొర, గట్టిపడక బరువుకు వంగిపోతుంది. కాల్షియం, ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, డి విటమిన్, అవసరమైతే పారాథైరాయిడ్ హార్మోన్, క్రియాటినిన్, ఈ రక్తపరీక్షలూ మోకాలు, మణికట్టు ఎక్స్‌రేలూ చూడకుండా "ఆపరేషన్ చేసేద్దాం" అన్నారంటే ఇంకో డాక్టరు దగ్గరికి కూడా వెళ్లి రండి. మందులు పడ్డాక చిన్న పిల్లల కాళ్లు ఆరు నెలల నుంచి ఏడాదిలో కళ్ల ముందే తిన్నబడటం చూస్తాం. రికెట్స్ అదుపులోకి రాకముందు ఎముక కోసి సరిచేస్తే, అదే మెత్తటి ఎముక మళ్లీ అదే వైపుకు వంగుతుంది. అప్పుడు ఆపరేషన్ ఫెయిలైందంటారు, నిజానికి అక్కడ ఫెయిలైంది వరస.

మామూలు డి విటమిన్ మందుకు లొంగని రికెట్స్ కూడా ఉంటుంది, వంశపారంపర్యంగా మూత్రంలో ఫాస్ఫేట్ పోయే రకం. తల్లికో తండ్రికో పొట్టి ఎత్తు, దొడ్డికాళ్లు ఉండి పిల్లకూ వచ్చిందంటే ఇది గుర్తుకు రావాలి. దీనికి ఫాస్ఫేట్, కాల్సిట్రయోల్ మందులు ఏళ్ల తరబడి నడుస్తాయి, పిల్లల హార్మోన్ల డాక్టరు చేతిలో ఉండాలి. మెడికల్ షాపులో దొరికే 60,000 యూనిట్ల డి విటమిన్ సాచెట్లు "ఎట్లా బలమే కదా" అని నెలల తరబడి సొంతంగా వేయకండి, ఎక్కువైతే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీలకు ముప్పు.

ఫ్లోరైడ్ సంగతి కూడా ఉంది. నల్గొండ జిల్లా ఊళ్లలో ఫ్లోరైడ్ నీళ్లు తాగిన పిల్లల్లో మోకాళ్లు రాసుకునే వంకరను హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1973లోనే ప్రపంచానికి తెలియజేశారు. మీ ఊళ్లో బోరు నీళ్లే తాగుతుంటే, ఒకే వాడకట్టులో ఇద్దరు ముగ్గురు పిల్లలకు ఇలాంటి కాళ్లే ఉంటే, ముందు నీళ్లు పరీక్ష చేయించి, తాగే నీళ్లు మార్చాక ఆపరేషన్ మాట.

ఇవేవీ కాకుండా, పదకొండు పన్నెండేళ్ల వయసులో ఏ కారణమూ దొరక్కుండా మోకాళ్లు రాసుకునే పిల్లలు చాలామంది. రెండు మూడేళ్ల వయసులోనే మోకాలి కింద ఎముక లోపలి వైపు ఎదుగుదల ఆగిపోయి దొడ్డికాలు ముదిరే బ్లౌంట్ జబ్బు మాత్రం తొందర పెట్టే రకం. నాలుగేళ్లు నిండకముందే దానికి సరైన వైద్యం జరిగితే ఫలితం మెరుగ్గా ఉంటుంది.

చిన్న ప్లేటు: చేయడం తేలిక, కాపాడుకోవడం కష్టం

దీన్ని గైడెడ్ గ్రోత్ అంటారు, మన దగ్గర ఎయిట్ ప్లేట్ అంటే ఎక్కువమందికి తెలుస్తుంది. మోకాళ్లు రాసుకునే కాలికి లోపలి వైపు, దొడ్డికాలికి బయటి వైపు, గ్రోత్ ప్లేట్‌కు అడ్డంగా రెండు రంధ్రాల చిన్న లోహపు పలక పెట్టి పైన ఒక స్క్రూ, కింద ఒక స్క్రూ బిగిస్తారు. ఆ వైపు ఎదుగుదల నెమ్మదిస్తుంది, రెండో వైపు మామూలుగా ఎదుగుతూనే ఉంటుంది, ఎడ్లబండికి ఒక ఎద్దును నిలేసి ఇంకోదాన్ని తోలితే బండి మళ్లినట్టు కాలు మెల్లగా మళ్లుతుంది. ఎముక కోయరు. కోత రెండు మూడు సెంటీమీటర్లు. మర్నాడో ఆ మర్నాడో నడిపించేస్తాం, రెండు నుంచి నాలుగు వారాల్లో మోకాలు పూర్తిగా వంగుతుంది, కింద కూర్చుని అన్నం తింటారు, నెలా నెలన్నరలో ఆటలకు పోతారు. నాకు పని తక్కువ పెట్టే ఆపరేషన్ ఇదే.

1949లో బ్లౌంట్ అనే అమెరికన్ సర్జన్ ఇదే పనికి లోహపు స్టేపుల్స్ వాడటం ప్రచురించాడు. అవి జారేవి, విరిగేవి, ఒక్కోచోట రెండు మూడు పెట్టాల్సి వచ్చేది. పీటర్ స్టీవెన్స్ అనే సర్జన్ 2007లో ఈ రెండు స్క్రూల ప్లేటు ఫలితాలు ప్రచురించాక దేశదేశాల్లో ఇదే వాడుకలోకి వచ్చింది. విదేశీ కంపెనీదే కావాలని పట్టుబట్టి అప్పులు చేయక్కర్లేదు, మన దేశంలో తయారయ్యేవి ఉన్నాయి, రెండు రంధ్రాల మామూలు రీకన్‌స్ట్రక్షన్ ప్లేటుతో కూడా సర్జన్లు ఇదే పని చేస్తారు. బాగా బరువున్న పిల్లాడికి, అందులోనూ బ్లౌంట్ జబ్బు కాలికి, స్క్రూలు విరిగే అవకాశం ఎక్కువ. అక్కడ డొల్ల స్క్రూ కాకుండా గట్టి స్క్రూ వేస్తున్నారా అని అడగండి.

ఇప్పుడు లెక్క చూడండి, మొత్తం ఎంపిక దీని మీదే నిలబడుతుంది. తొడ ఎముక కింది చివర ఏడాదికి సుమారు తొమ్మిది పది మిల్లీమీటర్లు, మోకాలి కింద ఎముక పై చివర సుమారు ఆరు మిల్లీమీటర్లు ఎదుగుతాయి. ప్లేటు పెట్టాక తొడ ఎముక దగ్గర నెలకు దాదాపు 0.7 డిగ్రీ, కింది ఎముక దగ్గర దాదాపు 0.5 డిగ్రీ సరవుతుంది. ఆడపిల్లలకు పద్నాలుగు, మగపిల్లలకు పదహారు ప్రాంతంలో ఈ ఎదుగుదల ముగుస్తుంది. పదిన్నరేళ్ల పిల్లకు తొడ ఎముకలో 14 డిగ్రీల వంకర ఉంటే ఒక ప్లేటుతో ఇరవై నెలలు పడుతుంది, ఆమెకు అంతకంటే చాలా టైమ్ ఉంది, హాయిగా చేయించండి. అదే వంకర పదమూడున్నరేళ్ల పిల్లకు ఉంటే మిగిలింది మహా అయితే ఆరు నెలలు, ఆ చివరి నెలల్లో ఎదుగుదల ఇంకా మందంగా ఉంటుంది, నాలుగు డిగ్రీలు వస్తే గొప్ప. కనీసం ఏడాది ఎదుగుదల మిగిలి ఉండాలనేది సర్జన్లు పెట్టుకునే మామూలు హద్దు. వయసు ఒక్కటే చూడరు, ఎడమ చెయ్యి ఎక్స్‌రే తీసి ఎముక వయసు చూస్తారు. ఆడపిల్ల అయితే పెద్దమనిషి ఎప్పుడైందో అడుగుతారు, మొహమాటపడి నాన్న ముందు చెప్పకుండా ఊరుకోవద్దమ్మా, పెద్దమనిషయ్యాక రెండేళ్లలో ఎదుగుదల దాదాపు ఆగిపోతుంది కాబట్టి ఆ తేదీ డాక్టరుకు ఎక్స్‌రేతో సమానం.

సరే, ఇంత మంచిదైతే కష్టం ఎక్కడ? మూడు నెలలకోసారి వెళ్లి ఎక్స్‌రే తీయించుకోవాలి. కాలు తిన్నగా అవగానే ప్లేటు తీసేయాలి. తీయకపోతే వంపు ఆగదు, మోకాళ్లు రాసుకునే కాలు దొడ్డికాలు అయిపోతుంది. ఇది భయపెట్టడానికి చెప్పే మాట కాదు. కుట్లు మానాయి, పిల్ల నడుస్తోంది, నొప్పి లేదు, ఇంక డాక్టరు దగ్గరికి ఎందుకని ఇంట్లో అనుకుంటారు. తండ్రి గల్ఫ్‌లో ఉంటే, లేదా ఇంటిల్లిపాదీ భీవండికో సూరత్‌కో పనికి పోతే, ఆ మూడు నెలలు తొమ్మిది నెలలవుతాయి. గురుకులంలో చదివే పిల్లలకు ఇంకో చిక్కు, ఇంటికొచ్చేదే దసరాకు, సంక్రాంతికి, ఎండాకాలానికి. దానికి నేను చెప్పే ఉపాయం ఒకటే, ఆపరేషన్ ఏప్రిల్ చివర సెలవుల్లో పెట్టించుకోండి, తర్వాతి ఎక్స్‌రేల్లో రెండు దసరా, సంక్రాంతి సెలవుల్లో పడతాయి, మధ్యలో ఆగస్టుదొక్కటే ప్రిన్సిపాల్‌కు లెటర్ పెట్టి తీసుకెళ్లాల్సి వస్తుంది. డిశ్చార్జ్ కాగితం జిరాక్సు వార్డెన్ దగ్గర కూడా ఉంచండి.

ప్లేటు తీసేశాక చిన్న పిల్లల్లో కాలు కొంత వెనక్కి వంగడం కూడా ఉంటుంది, పదేళ్లలోపు పిల్లల్లో, రికెట్స్ ఉన్నవాళ్లలో ఎక్కువ. అందుకే వాళ్లకు కొంచెం ఎక్కువే తిప్పి తీస్తారు, ఎదుగుదల చివర్లో ఉన్నవాళ్లకు సరిగ్గా తిన్నగా అయినప్పుడే తీస్తారు. "ఇంకా కొంచెం వంకర ఉండగానే తీశారు" అనో "ఎక్కువ తిప్పేశారు" అనో అనుకునే ముందు ఈ లెక్క అడిగి తెలుసుకోండి. కొందరు సర్జన్లు రెండు స్క్రూల్లో ఒక్కటే తీసి ప్లేటును అక్కడే వదిలి, మళ్లీ వంగితే మళ్లీ స్క్రూ బిగిస్తారు. దీనిమీద సర్జన్లలోనే ఏకాభిప్రాయం లేదు, లోపల మిగిలిన ప్లేటుకు ఎముక పట్టి ఎదుగుదలను అడ్డుకునే ప్రమాదం ఉంది కాబట్టి.

రెండు ఆపరేషన్లు, రెండుసార్లు మత్తు అని ఇంట్లో పెద్దవాళ్లు అడ్డుపడతారు. నిజమే. కానీ ఈ రెండు కలిపినా ఎముక కోసే ఒక్క ఆపరేషన్ కంటే చిన్నవే.

ప్లేటుకు బదులు గ్రోత్ ప్లేట్ గుండానే ఒకే ఒక పొడవాటి స్క్రూ దించే పద్ధతి కూడా ఉంది, ఫ్రాన్స్‌కు చెందిన మెటైజో 1998లో దీన్ని ప్రచురించాడు. మచ్చ చిన్నది, పని తొందరగా మొదలవుతుంది. స్క్రూ ఎదిగే పొరలోంచి పోతుంది కాబట్టి తీసేశాక ఎదుగుదల మళ్లీ అందుకుంటుందన్న భరోసా తక్కువ, ఎదుగుదల చివరి ఒకటి రెండేళ్లలో ఉన్న పిల్లలకే నయం. ఎనిమిదేళ్ల పిల్లాడికి ఎవరైనా ఇది సూచిస్తే ప్లేటు ఎందుకు వద్దో అడగండి.

ఎముక కోసి సరిచేయడం

ఎదుగుదల అయిపోయాక, లేదా కాసేపట్లో అయిపోతుందనగా, లేదా వంకర మరీ ఎక్కువై మెలిక కూడా తిరిగి ఉంటే, లేదా గ్రోత్ ప్లేట్ దెబ్బతో గానీ చీముతో గానీ చచ్చిపోయి ఉంటే, ప్లేటు చేసేదేమీ ఉండదు. అక్కడ ఎముకను మోకాలి దగ్గర కోసి, తిన్నగా పెట్టి, ప్లేటు స్క్రూలతో బిగిస్తారు, చిన్న పిల్లలకైతే సన్నటి తీగలు గుచ్చి ఆరు నుంచి ఎనిమిది వారాలు సిమెంటు కట్టు వేస్తారు. దీన్ని ఆస్టియోటమీ అంటారు.

దీని గొప్పతనం, ఆ రోజే కాలు తిన్నగా అవుతుంది. మూడు నెలలకోసారి రాలేని కుటుంబానికి, ఎదుగుదల ముగిసిన పిల్లకు ఇదే సరైన ఆపరేషన్, దీన్ని పాత పద్ధతి అని చిన్నచూపు చూసేవాళ్లను చూస్తే నాకు చిరాకు. పదహారేళ్ల పిల్లకు చిన్న ప్లేటు వేయడం కంటే పనికిమాలిన పని లేదు, కుట్లు, ఖర్చు, మత్తు అన్నీ అయ్యి కాలు అక్కడే ఉంటుంది. పోలీసు, ఆర్మీ సెలక్షన్ల కోసం పరుగు ప్రాక్టీస్ చేస్తున్న కుర్రాళ్లు పదిహేడు పద్దెనిమిదేళ్లకు వచ్చి అడుగుతారు, మోకాళ్లు రాసుకుంటే మెడికల్‌లో తీసేస్తారు కదా. వాళ్లకు మిగిలింది ఇదొక్కటే. అయితే ఆపరేషన్ జరిగిన కాలు, లోపల లోహం, వీటి మీద ఆ ఏటి సెలక్షన్ నియమాలు ఏమంటున్నాయో చదువుకున్నాకే టేబులెక్కాలి. ఉద్యోగం కోసమే చేయించుకుని ఆ ఆపరేషన్ కారణంగానే ఉద్యోగం పోగొట్టుకోకూడదు.

ఇంటికొచ్చాక సంగతి మాత్రం చిన్న ప్లేటుతో పోల్చలేం. ఆరు వారాల దాకా ఆ కాలి మీద బరువు వేయనివ్వరు, పూర్తి బరువుకు ఇంచుమించు మూడు నెలలు. తొడ కండ చూస్తుండగానే సన్నబడుతుంది, మోకాలు బిగుసుకుంటుంది, మొదటి రెండు వారాల్లో బద్ధకిస్తే తర్వాత రెండు నెలలు ఏడుస్తూ వంచాల్సి వస్తుంది. రెండు కాళ్లకూ ఒకేసారి చేస్తే పిల్లను ఎత్తుకుని బాత్రూంకు తీసుకెళ్లాలి, వెస్టర్న్ కమోడ్ లేని ఇంట్లో కమోడ్ కుర్చీ ముందే కొని పెట్టుకోవాలి. పదమూడేళ్ల పిల్లను ఎత్తగలిగేవాళ్లు ఇంట్లో ఎవరున్నారో ఆపరేషన్‌కు ముందే ఆలోచించండి. నన్నడిగితే ఎత్తి మోసే మనిషి లేని ఇంటికి ఒక కాలు చేయించి, అది బరువు మోశాక రెండోది చేయించడమే మేలు, మొత్తం కాలం ఎక్కువ పట్టినా సరే.

ప్రమాదాల్లో రెండింటి పేర్లు గుర్తుంచుకోండి. మోకాలి పక్కన బయటి వైపు నుంచి పోయే నరం సాగితే పాదం పైకి లేవదు, మోకాళ్లు రాసుకునే పెద్ద వంకరను ఒక్కసారిగా తిన్నగా చేసినప్పుడు ఈ భయం ఎక్కువ. రెండోది, మోకాలి కింద ఎముక కోసినప్పుడు పిక్క లోపల వాపు బిగుసుకుని రక్తం ఆడకపోవడం, దీన్ని కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ అంటారు. ఆపరేషన్ రాత్రి ఇంజెక్షన్ ఇచ్చినా తగ్గకుండా నొప్పి పెరుగుతుంటే, కాలి వేళ్లు కదిపితే కేక పెడుతుంటే, పొద్దున డ్యూటీ డాక్టరు వచ్చేదాకా ఆగకండి, అప్పుడే నర్సును లేపండి, కట్టు కోసి చూడమనండి. గంటల్లో తేడా వస్తుంది. ఎదిగే వయసులో కోస్తే వంకర తిరిగొచ్చే అవకాశం కూడా ఉంది, బ్లౌంట్ జబ్బులో మరీనూ.

రింగులు

ఇలిజారోవ్ అనే డాక్టరు సోవియట్ రష్యాలోని కుర్గాన్‌లో 1950లలో మొదలుపెట్టిన పద్ధతి ఇది. కాలి చుట్టూ లోహపు వలయాలు, వాటి నుంచి ఎముకలోకి సన్నటి తీగలు, కోసిన ఎముకను రోజూ నట్లు తిప్పుతూ కొంచెం కొంచెంగా సరిచేయడం. పొడవు పెంచాలంటే రోజుకు ఒక మిల్లీమీటరు, పావు మిల్లీమీటరు చొప్పున నాలుగుసార్లు తిప్పాలి. వంకరతో పాటు ఒక కాలు పొట్టిగా ఉన్నప్పుడు, వంకర మరీ భయంకరంగా ఉన్నప్పుడు, లేదా ఒక్కసారి తిప్పితే నరం సాగి దెబ్బతినే ప్రమాదం ఉన్నప్పుడు దీనికి సాటి లేదు. ఆరు కడ్డీలతో కంప్యూటర్ లెక్క ప్రకారం తిప్పే కొత్త ఫ్రేములూ ఉన్నాయి, ఖరీదు బాగా ఎక్కువ.

మామూలు వంకరకు మాత్రం నేను దీని జోలికి పోవద్దనే అంటాను. సరయ్యాక ఎముక గట్టిపడేదాకా ఫ్రేము కాలి మీదే ఉండాలి, అంటే మూడు నుంచి ఐదు నెలలు, పొడవు కూడా పెంచితే ఇంకా ఎక్కువ. తీగలు దిగిన ప్రతి చోటా శుభ్రం చేయాలి, ఎంత చేసినా ఎక్కడో ఒకచోట ఎర్రబడి చీము పడుతుంది, చాలావరకు మాత్రలతో తగ్గుతుంది. పత్తి ఏరే రోజుల్లో, మిర్చి కల్లం వేసిన ఇంట్లో, ఆ దుమ్ములో ఈ ఫ్రేముతో పిల్లను ఉంచడం ఎంత కష్టమో ములుగు, భూపాలపల్లి వైపు నుంచి వచ్చే తల్లులను అడిగితే చెప్తారు. బడి పోతుంది, ప్యాంటు పట్టదు, ఎదిగిన ఆడపిల్లయితే చూసేవాళ్లకు జవాబు చెప్పలేక ఇంట్లోనే కూర్చుంటుంది. సర్జన్ ఇదే సరైనదంటే "ప్లేటుతో ఒక్కసారి చేయలేకపోవడానికి కారణమేంటి సార్" అని ఒక్క ప్రశ్న అడగండి. పొట్టి కాలు, నరం భయం, పాత చీము, ఇలా స్పష్టమైన కారణం చెప్తే ఒప్పుకోండి.

మరి మీ పిల్లకు ఏది

కారణం తేలి, రక్తపరీక్షలు సర్దుకుని, ఎదుగుదల ఏడాదికి మించి మిగిలి, మూడు నెలలకోసారి తీసుకెళ్లే మనిషి ఇంట్లో ఉంటే చిన్న ప్లేటే, రెండో ఆలోచన వద్దు. మొదటి మూడూ ఉండి ఆ నాలుగోది లేకపోతే నేను కొంచెం తటపటాయిస్తాను. అలాంటప్పుడు ఎనిమిదేళ్లకే తొందరపడకుండా పది పదకొండు దాకా ఆగి, సరయ్యే వేళకూ ఎదుగుదల ముగిసే వేళకూ పెద్ద ఎడం లేకుండా చూసుకునే వీలుందా అని సర్జన్‌ను అడగొచ్చు. అలా చేస్తే రావడం ఆలస్యమైనా కాలు మరీ రెండో వైపుకు పోయే ప్రమాదం తగ్గుతుంది. బ్లౌంట్ జబ్బు పిల్లలకు మాత్రం ఆగడం పనికిరాదు. ఎదుగుదల అయిపోతే ఎముక కోతే, దానికి భయపడి నాలుగు ఆసుపత్రులు తిరిగి చిన్న ప్లేటు వేస్తామనేవాళ్లను వెతుక్కోకండి, దొరుకుతారు కూడా.

ఎక్కడ చేయించాలంటే, వరంగల్‌లో కాకతీయ మెడికల్ కాలేజీకి అనుబంధమైన ఎంజీఎంలో ఎముకల విభాగం ఉంది, ఓపీ చీటీతో మొదలుపెట్టొచ్చు. వంకర క్లిష్టంగా ఉంటే, రింగుల మాట వస్తే, చిన్న పిల్లాడి బ్లౌంట్ జబ్బయితే హైదరాబాద్‌లో పిల్లల ఎముకలే ప్రత్యేకంగా చూసే సర్జన్ అభిప్రాయం తీసుకోండి, కాజీపేటలో రైలెక్కితే సికింద్రాబాద్ రెండు రెండున్నర గంటలే. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో పది లక్షలకు పెంచారు. మీ పిల్లకు రాసిన ఆపరేషన్ ఆ జాబితాలో ఏ పేరుతో ఉందో, ప్లేటు తీసే రెండో ఆపరేషన్‌కు కూడా వర్తిస్తుందో లేదో అడ్మిషన్‌కు ముందే ఆ ఆసుపత్రిలో కూర్చునే ఆరోగ్యమిత్రను అడగండి, డాక్టరుకు ఆ వివరాలు తెలియకపోవచ్చు. బడిలో ఆరోగ్య తనిఖీకి వచ్చే ఆర్‌బీఎస్‌కే బృందానికి కూడా పిల్లల కాళ్లు చూపించి రాయించుకోవచ్చు.

ఎక్స్‌రే విషయంలో ఒకటి. మోకాలి ఒక్కదాని ఎక్స్‌రేతో ఆపరేషన్ తేల్చకూడదు. పిల్లను నిలబెట్టి, మోకాటి చిప్పలు ఎదురుగా ఉంచి, తుంటి నుంచి చీలమండ దాకా ఒకే ఫిల్ములో తీసిన స్కానోగ్రామ్ కావాలి, తుంటి నడుమ నుంచి చీలమండ నడుమకు గీసిన గీత మోకాలి మధ్యలోంచి పోతుందా, పక్కకు పోతుందా, వంకర తొడ ఎముకలో ఉందా, కింది ఎముకలో ఉందా, రెండింట్లోనా అనేది అందులోనే తెలుస్తుంది. ప్రతి ఊళ్లో ఈ ఫిల్ము తీయరు, తీసే సెంటర్ ఏదో సర్జన్‌నే అడిగి వెళ్లండి. తీసినవన్నీ తేదీలతో ఒక కవర్లో పెట్టుకోండి, ఫోన్లో ఫొటో తీసి పెట్టుకున్నా సరే. రెండోసారి చూపించడానికి వెళ్లినప్పుడు పాత ఫిల్ము లేకపోతే సర్జన్ కొత్తది తీయించి, అది పెరుగుతోందో తగ్గుతోందో తెలియక ఇంకో ఆరు నెలలు ఆగమంటాడు, పన్నెండేళ్ల పిల్లకు ఆ ఆరు నెలలు చిన్న ప్లేటుకూ ఎముక కోతకూ మధ్య తేడా అవుతాయి.